కడిగిన పెన్‌డ్రైవ్

మా ఆఫీసులో నర్మదకు కుర్చీ ఇచ్చారు గాని పని ఇవ్వలేదు. కరీంనగర్‌లో ఒక బట్టల దుకాణం మీద, రెండో అంతస్తులో ఉంటుంది మా ఆఫీసు. సాంచాలకు డిజైన్ డబ్బాలు చేసి అమ్ముతాం. సాంచాలంటే మరమగ్గాలు. మా వైపు వాటిని నడిపేవాళ్లెవరూ మరమగ్గం అనరు. చీర అంచు మీద పువ్వు రావాలంటే ఏ పోగు ఎప్పుడు లేవాలో సాంచకు చెప్పేది మా డబ్బా. డిజైన్ పెన్‌డ్రైవ్‌లో ఉంటుంది, పెన్‌డ్రైవ్‌ను డబ్బాకు గుచ్చుతారు, అంతే సంగతి. ఇంతమాత్రానికి అద్దాల గదులు, మెడల్లో కార్డులు, సోమవారం సోమవారం మీటింగులు.

నా పేరు రామచంద్రం. ఇరవై రెండేళ్లుగా స్క్రూడ్రైవర్ పట్టుకుని షెడ్ల వెంట తిరుగుతున్న మెకానిక్‌ని. ఆ ఆఫీసులో ఎవరిమీదా నాకు మర్యాద లేదు. నర్మద మీద కూడా ఉండేది కాదు. ఇప్పుడు చెప్పబోయేది ఆమె గురించే. మధ్యలో నా సంగతి కూడా వస్తుంది, రాకుండా ఉంటే బాగుండేది.

నర్మద పుట్టింది సిరిసిల్లలో. తండ్రి సాంచాలు నడిపేవాడు, తల్లి కండెలు చుట్టేది. బడి నుంచి రాగానే పిల్లకు షెడ్డులో ఒక పని ఉండేది. సాంచకు కొత్త పడుగు ఎక్కించినప్పుడు ఒక్కో పోగును ఒక్కో సన్నని ఇనుప కన్నులోంచి దూరుస్తారు. అట్లాంటి కళ్లు వేలల్లో ఉంటాయి. ఆ పిల్ల వాటి ముందు వంగి, చూపుడువేలితో ఒక కొస నుంచి ఇంకో కొసకు తడుముకుంటూ పోవాలి. ఏ కన్నులోనైనా పోగు లేకపోతే వేలు అక్కడ ఆగాలి. ఆగకపోతే బట్టలో గీత పడుతుంది, మీటర్ల కొద్దీ పోతుంది. ఈ పని ఆమెకు నేర్పింది పరశురాములు. అదే షెడ్డులో ఆమె తండ్రి పక్కన ఎనిమిది సాంచాలు నడిపే మనిషి. నర్మద ఆయన్ను పెద్దబాపు అంటుంది.

తర్వాత పాలిటెక్నిక్ చదివింది, రోజూ బస్సులో పోయి ఇంజనీరింగ్ పూర్తిచేసింది, సాఫ్ట్‌వేర్ రాయడానికని మా కంపెనీలో చేరింది. చేరిన మొదటి మీటింగులో ఇంగ్లీషు తడబడింది. అంతే, నాలుగేళ్లుగా ఫిర్యాదుల ఫోను దగ్గరే ఉంది. ఎదురుగా గోడకు ఒక కాగితం అంటించి ఉండేది. ఎవరు ఏ బాధ చెప్పినా ఆమె ముందుగా చెప్పాల్సిన మాట దానిమీద రాసి ఉంది: ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి. ఈ ఒక్క వాక్యం కోసం కంపెనీ ఒక ఇంజనీరును పెట్టుకుంది.

ఫోను మోగనప్పుడు ఆమె డబ్బాలో నడిచే కోడును కాగితాల మీద ప్రింటు తీసుకుని చదివేది. చిత్తుకాగితాల వెనకవైపు. ఒక్కో వరుస కింద వేలు పెట్టుకుని చదివేది. సాఫ్ట్‌వేర్‌కు పెద్ద అయిన హరీష్ అటు పోతూ, ఒకటో తరగతి పాఠమా అని అడిగేవాడు. అందరూ నవ్వేవారు. నేను కూడా నవ్వాను.

హరీష్‌ది పెద్దపల్లి. హైదరాబాద్‌లో నాలుగేళ్లు చేసి వచ్చాడు. పెళ్లిళ్లకు కూడా మెడలో ఆఫీసు కార్డుతో వచ్చే రకం. మా డిజైన్లను వేరే కంపెనీలవాళ్లు కాపీ కొట్టకుండా, పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు దాచే పద్ధతిని లోకమంతా వాడేది వద్దని సొంతంగా ఒకటి తయారు చేశాడు. దాని గురించి ఆరేళ్లుగా చెబుతూనే ఉన్నాడు. దానికి తోడు ఇంకో తెలివి. డబ్బా వరుసగా మూడుసార్లు మధ్యలో ఆగిపోతే ఎవరో దొంగతనం చేస్తున్నారనుకుని తాళం వేసుకుంటుంది. డబ్బాకు గుచ్చి ఆ తాళం తీసే తీగ మా మెకానిక్‌ల దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండదు. సిరిసిల్ల నేతపనివాళ్లు దొంగలని ఈయనకు ఎవరు చెప్పారో తెలియదు.

మొన్న దసరా నాడు పరశురాములు షెడ్డులో ఎనిమిది డబ్బాలు ఒక్కసారే ఆగిపోయాయి.

జరిగింది ఇది. దసరాకు మావాళ్లు పనిముట్లన్నీ కడిగి పూజ చేస్తారు. పరశురాములు సాంచాలు తుడిచాడు, నూనె పెట్టాడు, కత్తెరలు కడిగాడు. పెన్‌డ్రైవ్‌ల దగ్గరికొచ్చి ఆగాడు. అవి కూడా పనిముట్లే కదా. నీళ్లలో ముంచకూడదని ఆయనకు తెలుసు, అంత తెలివిలేని మనిషి కాడు. ఎనిమిదింటినీ రుమాలులో మూటగట్టుకుని, డిజైన్లు ఎక్కించి ఇచ్చే మంజుల దుకాణానికి పోయాడు. పోయినేటి చీరల మడ్డి ఇంత కూడా ఉండొద్దు, కడిగియ్యమన్నాడు. మంజుల నవ్వి, ఒక్కోదాన్నీ మొదటి నుంచి చివరిదాకా సున్నాలతో నింపి ఇచ్చింది. ఫైళ్లు తీసేయడం కాదు, ఏ గుర్తూ మిగలకుండా తుడిచేసింది. కొత్త డిజైన్లు తెల్లారి ఎక్కిద్దామనుకున్నారు. పరశురాములు పెన్‌డ్రైవ్‌ల మూతల మీద పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాడు, మూతలు తీసి డబ్బాలకు గుచ్చాడు, కొబ్బరికాయ కొట్టి డబ్బాలు ఆన్ చేశాడు. ఎనిమిదీ ఎర్రదీపం చూపించి ఊరుకున్నాయి.

సెలవు రోజు గనుక ఆయన చేసిన ఫోను నర్మద సెల్లుకు మళ్లింది. ముప్పై ఏళ్లు సాంచాల చప్పుడులో ఉన్నందుకు పరశురాములుకు చెవులు సరిగా వినపడవు. అవతలివాళ్లకు కూడా వినపడదనుకుని అరిచి మాట్లాడతాడు. పండుగపూట అరుస్తున్న ఆ మనిషికి నర్మద గోడ మీది వాక్యమే చెప్పింది. ఆఫ్ చేసి ఆన్ చేశాడు. మళ్లీ చెప్పింది. మళ్లీ చేశాడు. దాంతో మూడుసార్లయింది, ఎనిమిది డబ్బాలూ తాళం వేసుకున్నాయి.

మర్నాడు నేను వెళ్లి సాంచాల నుంచి డబ్బాలు ఊడదీసి, పెన్‌డ్రైవ్‌లతో సహా కరీంనగర్ తీసుకొచ్చాను. దారిలోనే హరీష్ ఫోను చేశాడు. పెన్‌డ్రైవ్‌ల మీద కుంకుమ ఉందని నేను చెప్పగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఇంకేం, డబ్బా లోపలికి పసుపూ కుంకుమా తడీ పోయాయి, వాడేవాడి తప్పు, అట్లా రిపోర్టు రాసి సంతకం పెట్టమన్నాడు. డబ్బాలు విప్పి చూశాక రాస్తానని నేను అనాలి. అనలేదు. బస్టాండు పక్కన చాయ్ తాగుతూ, తొడమీద కాగితం పెట్టుకుని రాశాను. విప్పి చూడగా లోపల కుంకుమ కనబడినది, అని. ఎనిమిది డబ్బాలకు ఎనిమిది సంతకాలు. ఇరవై రెండేళ్ల అనుభవం కదా, చాయ్ చల్లారకముందే అయిపోయింది.

ఆఫీసులో వారం రోజులు ఇదే ముచ్చట. పెన్‌డ్రైవ్‌లు కడిగించానని పరశురాములు నాతో అన్నమాట పట్టుకుని, పెన్‌డ్రైవ్ కడిగిన ముసలాయన అని. ఒకరు సబ్బు ఏది వాడాడని, ఇంకొకరు ఎండబెట్టాడా లేదా అని. మావాళ్లలో సగంమంది ఇళ్లలో అదే పండుగనాడు స్కూటర్ల చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

సిరిసిల్లలో మాత్రం ఎవరూ నవ్వలేదు. షెడ్డు యజమాని సేఠ్‌కు మా రిపోర్టు చేరింది. సేఠ్ తొందరపడి అరిచే మనిషి కాడు, అదే ఆయనతో చిక్కు. దీపావళి దాకా చూస్తానన్నాడు. కంపెనీ ఇదే మాట మీద ఉంటే ఎనిమిది సాంచాలూ వేరేవాళ్లకు ఇస్తానన్నాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషిని, అందులోనూ చెవులు వినపడని మనిషిని, ఇంకో షెడ్డులో ఎవరు పెట్టుకుంటారు? ముప్పై ఏళ్ల చోటు పోతుంది. గడువు ఇరవై రోజులు కూడా లేదు.

ఈ మాట తెలిసిన రోజు నర్మద అన్నం తినలేదు. డబ్బాలకు తాళం పడింది తన మాట వల్లేనని ఆమెకు తెలుసు. ఆ మాట ఆమెను ఎవరూ అనలేదు, అనుకున్నది ఆమే. మధ్యాహ్నం వెనక గదికి వచ్చి, తాళం తీసే తీగతో ఒక డబ్బా చివరి మాటలు చదువుతానని అడిగింది. ఆగిపోయే ముందు డబ్బా తన లోపల నాలుగు వరుసలు రాసుకుంటుంది. హరీష్ వాటిని చూడలేదు. ఆయనకు కుంకుమ దొరికింది కదా, ఇంక చూడడం దేనికి?

నేను తీగ ఇచ్చి విసుక్కున్నాను. కోడు చదివితే కుంకుమ పోతుందా అన్నాను. ఆమె వినిపించుకోలేదు. ఎనిమిది డబ్బాల మాటలూ రాసుకుంది. ఎనిమిదీ ఒకటే చెప్పాయి, ఒక్క అక్షరం తేడా లేదు. కుంకుమ పోయి ఆగితే ఒక్కోటి ఒక్కో తీరుగా ఆగాలి కదా సార్ అంది. నేను తీగ చుట్టి పక్కన పెట్టాను.

నేను తెచ్చిన పెన్‌డ్రైవ్‌లు కూడా తెరిచి చూసింది, అన్నిట్లో సున్నాలే. తర్వాత నాలుగు రోజులు కాగితాలు ముందేసుకుని వేలు జరుపుతూ కూర్చుంది. ఐదోరోజు వచ్చి నాకు చెప్పింది. ఆఫీసులో వినడానికి ఇంకెవరూ లేరు కాబట్టి నాకు చెప్పింది, నామీద గురి ఉండి కాదు.

పెన్‌డ్రైవ్ గుచ్చగానే డబ్బా దాన్ని తనతో కలుపుకోవాలి, దాన్నే మౌంట్ అంటారు. ముందు పెన్‌డ్రైవ్ మొదట్లో ఉండే గుర్తు చదవాలి. గుర్తు సరిగా ఉంటే తన జ్ఞాపకంలో ఒక పట్టిక తెరిచి, ఆ పట్టిక ఎక్కడుందో ఒక చిరునామా రాసిపెట్టుకోవాలి. గుర్తు లేకపోతే పట్టిక తెరవదు, ఇది కాదు అని చెప్పి అంతా సర్దేసుకోవాలి. హరీష్ కోడులో కాదు అనేదాకా బాగానే ఉంది. సర్దే దగ్గర పడింది తేడా. సర్దే భాగం, పట్టిక అసలు తెరిచారా లేదా అని చూడదు. నేరుగా దాన్ని మూయడానికి పోతుంది. చిరునామా ఉండాల్సిన చోట సున్నా ఉంటుంది. ఆ సున్నా దగ్గరికి పోయి చేయి పెడుతుంది, అక్కడ ఏమీ ఉండదు, డబ్బా కుప్పకూలుతుంది. ఈ రోగానికి పేరు నల్ పాయింటర్. వేరే కంపెనీ పెన్‌డ్రైవ్ పెడితే ముందే గుర్తుపట్టి తోసేసే ఏర్పాటు ఉంది. ఏమీ లేని పెన్‌డ్రైవ్ మాత్రం దాన్ని దాటుకుని లోపలికి వచ్చేస్తుంది. ఆరేళ్లలో అట్లాంటిది ఎవరూ పెట్టలేదు, ఎందుకంటే ఆరేళ్లలో ఎవరూ పెన్‌డ్రైవ్ కడగలేదు.

"పోగు లేని కన్ను సార్," అంది నర్మద. "ఉన్నదనుకొని ముడెయ్యవోయిండ్రు."

మందు మూడు వరుసలు. పట్టిక ఉందా చూడు, లేకపోతే ఊరుకో, పెన్‌డ్రైవ్ ఖాళీ అని తెరమీద రాయి. ఆమె తన సొంత పెన్‌డ్రైవ్‌ను సున్నాలతో తుడిచి, పాత కోడున్న డబ్బాకు పెట్టి ఆగిపోవడం చూపించింది. మూడు వరుసలు ఎక్కించి మళ్లీ పెట్టింది. ఖాళీ అని తెరమీద వచ్చింది, పచ్చదీపం వెలిగింది. ఇరవైసార్లు పెట్టి తీసింది, ఇరవైసార్లూ అదే.

అప్పుడు ఆ డబ్బాను తిరగేసి నా ముందు పెట్టింది. అడుగున కంపెనీ సీలు కాగితం ఉంటుంది, డబ్బా విప్పితే అది చిరగాలి. చిరగలేదు. మిగిలిన ఏడింటినీ ఒక్కోటి తిప్పి పెట్టింది.

"సార్, సీలు ఇప్పకుండ లోపల కుంకుమ ఎట్ల కనవడ్డది మీకు?"

కోపంగా అడిగి ఉంటే నేను కూడా కోపంగా ఏదో అనేవాణ్ని. ఆమె నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. హరీష్ చెప్పాడన్నాను, ఫోనులో అన్నాను, చాయ్ హోటల్ అన్నాను. ఆమె డబ్బాలు సర్దుకుని పోయింది. ఆ గదిలో నేనొక్కణ్నే మిగిలాను, ఆఫీసులో అందరినీ చూసి నవ్వుకునే పెద్దమనిషిని.

హరీష్ మొదట మండిపడ్డాడు. "ఖాళీ పెన్‌డ్రైవ్ ఎవడన్న పెడ్తడా? వాని తప్పుకు నా కోడ్ ఎందుకు మార్చాలె?" అన్నాడు. తెల్లారేసరికి ఏ గాలి మళ్లిందో, ఆ మూడు వరుసలకు ముందు తన పేరు పెట్టుకుని, పద్నాలుగు పేజీల బొమ్మల పాఠం తయారుచేసి సోమవారం మీటింగులో చెప్పాడు. ముందుచూపుతో డబ్బాను గట్టిచేశామని చెప్పాడు. పద్నాలుగు పేజీల్లో నర్మద పేరు లేదు, పరశురాములు పేరు లేదు, తన తప్పు ఉన్న వరుస కూడా లేదు. అందరూ చప్పట్లు కొట్టారు. నర్మద కూడా కొట్టింది, ఆమె మనసు ఇంకెక్కడో ఉంది. మీటింగు అయ్యాక హరీష్ దగ్గరికి పోయి, ఇప్పటికైనా ఆ రిపోర్టు వెనక్కి తీసుకోమంది. బయటికి పోయిన రిపోర్టు తీసుకుంటే కంపెనీ పరువు పోతుందట. డబ్బాలు ఊరికే బాగుచేసి ఇస్తున్నాం కదా, ముసలాయనకు ఇంకేం కావాలన్నాడు.

దీపావళికి నాలుగు రోజుల ముందు, పొద్దున పది గంటలకు, మేము ముగ్గురం సిరిసిల్ల వెళ్లాం. సేఠ్ పెద్ద గిరాకీ గనుక హరీష్ వచ్చాడు, డబ్బాలు బిగించడానికి నేను, నీ ఊరే కదా అని నర్మద. షెడ్డులో సాంచాలన్నీ ఆపి ఉన్నాయి. పదిపన్నెండు మంది నిలబడ్డారు. పరశురాములు తన ఎనిమిది సాంచాల పక్కన గోడకు ఆనుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. అవి ఇప్పటికే తనవి కావన్నట్టు దేన్నీ ముట్టుకోలేదు.

నేను డబ్బాలు బిగించాను. నర్మద సంచిలోంచి ఆ ఎనిమిది పెన్‌డ్రైవ్‌లు తీసింది. మూతల మీద బొట్లు ఎండి పొడి రాలుతున్నాయి. మూతలు తీసి, సేఠ్ చూస్తుండగా ఒక్కోటి గుచ్చింది. ఎనిమిది తెరల మీదా పెన్‌డ్రైవ్ ఖాళీ అని వచ్చింది, ఎనిమిది పచ్చదీపాలు వెలిగాయి. హరీష్ తన ముందుచూపు గురించి మొదలుపెట్టాడు.

సేఠ్ మెల్లగా అన్నాడు. "డబ్బాలు బాగైనయి, మంచిదే. గని అప్పుడు లోపల కుంకుమ ఉండె గదా. గీ కాయితం మీద రాసున్నది. నేను దీన్నే నమ్మాలె." జేబులోంచి నా రిపోర్టు తీసి చూపించాడు.

మూడు వరుసలు డబ్బాలను బాగుచేశాయి, మనిషిని కాదు. మనిషిని పడగొట్టిన వరుస నా చేతిరాతలో ఉంది. హరీష్ సాంచ బెల్టును కొత్తగా చూసినట్టు చూస్తున్నాడు. నర్మద నావైపు చూడలేదు. సీలు సంగతి ఆమె ఒక్కమాటలో చెప్పేయొచ్చు, చెప్పలేదు. మూతలు చేతిలో పట్టుకుని నేలకేసి చూస్తూ నిలబడింది. నాకు ఆమె మీద ఒళ్లు మండింది. తిట్టి ఉంటే తేలికయ్యేది.

"నేను డబ్బాలు ఇప్పలే," అన్నాను.

పరశురాములు చెవి దగ్గర చేయి పెట్టి ఏమన్నవని అడిగాడు. చెవిటి మనిషికి రహస్యంగా ఒప్పుకోవడం కుదరదు. షెడ్డంతా వినేట్టు అరవాల్సి వచ్చింది.

"ఇప్పి చూడలే. కుంకుమ ఉన్నదని ఉత్తగనే రాసిన. సీలు గట్లనే ఉన్నది, చూడుండ్రి."

సేఠ్ డబ్బాల కింద చేయి పెట్టి, వంగి సీళ్లు చూశాడు. ఒకటి, రెండు, ఎనిమిదీ చూశాడు. హరీష్ నా మోచేయి పట్టుకుని గుంజాడు, నేను విడిపించుకున్నాను. సేఠ్ నా రిపోర్టును నాలుగు ముక్కలు చేసి, పరశురాములుతో, సాంచాలు నడుపుకో పో అన్నాడు.

పరశురాములు గోడ దగ్గర్నుంచి కదిలి నా ముందుకు వచ్చాడు. తిడతాడనుకున్నాను. తెరమీది మాటను వేలితో చూపించాడు.

"లేనిది లేదని చెప్పనీకి పదిహేను దినాలు పట్టెనా మీకు?" అన్నాడు. "నేను రోజు పొద్దుగాల ప్రతి కన్ను ముట్టిచూసి గని సాంచ చాలూ జెయ్య."

ఆ తర్వాత ఆయన నర్మద చేతిలోంచి మూతలు తీసుకుని జేబులో వేసుకున్నాడు. తిన్నావా బిడ్డా అని అడిగాడు. మంజుల పంపిన కొత్త డిజైన్ పెన్‌డ్రైవ్ డబ్బాకు పెట్టి, మొదటి సాంచ ముందు వంగి, పోగుల మీద చూపుడువేలు జరపడం మొదలుపెట్టాడు. రెండో సాంచ దగ్గర నర్మద తనంతట తానే వంగింది. ఇద్దరూ తలెత్తలేదు.

నేను పక్కన నిలబడి చెప్పుకుంటూ పోతున్నాను. హరీష్ ఒత్తిడి అని, ఇరవై రెండేళ్లలో ఇదొక్కటే అని, నాకూ ఇంట్లో బాధ్యతలున్నాయని. ఆయన కొసదాకా వేలు జరిపి లేచాడు. నా మాట మధ్యలో ఉండగానే స్విచ్ వేశాడు.